షూస్ వెనక మూడు గంటలు

రాధాకృష్ణ అన్న అబద్ధాలాడతాడని నేను ఎన్నడూ అనను. చిన్న నిజం ఆయన నోట్లో పడితే నూనెలో పూరీలా పొంగుతుంది, అంతే. అన్నది తెనాలి, నాది కరీంనగర్. శాన్ రామన్‌లో పక్కపక్క వీధుల్లో ఇళ్ళు కొనుక్కుని పన్నెండేళ్ళయింది. ప్రతి శనివారం నాలుగింటికి వాళ్ళ వెనక వరండాలో టీ. మెట్టు దగ్గర షూస్ విప్పేసి, తివాచీ మీద కుర్చీల్లో కూర్చుని, అన్న కోతలు వింటూ మిరపకాయ బజ్జీలు తింటాం. అన్న మాటల కోసం వస్తామో రేణు వదిన బజ్జీల కోసం వస్తామో ఇంతవరకూ తేల్చుకోలేదు.

ఆ శనివారం మాత్రం ఇంట్లో వాతావరణం బాగాలేదు. వదిన అన్నతో మాట్లాడి సరిగ్గా వారమైంది.

అంతకుముందు శనివారం వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. గుడిలో శ్రీనివాస కల్యాణం చేయించుకుంటున్నారు. దంపతులిద్దరూ పీటల మీద పక్కపక్కన కూర్చోవాలి కదా. అన్న తన కండువా పీట మీద వేసి, వ్యాన్‌లో మర్చిపోయిన కొబ్బరికాయల సంచి తెస్తానని బయటికి వెళ్ళాడు. పదిన్నరకి వెళ్ళిన మనిషి ఒంటిగంటన్నరకి వచ్చాడు. సంకల్పం, మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ అయిపోయాయి. పులిహోర కూడా అయిపోయింది. వదిన మూడు గంటలూ ఖాళీ పీట మీది కండువా పక్కన కూర్చుంది. ఎక్కడికి వెళ్ళారని ఆమె అడగలేదు. ఆ రోజు నుంచి ఇంకేదీ కూడా అడగలేదు.

"భవితా, ఆయనకి టీలో షుగర్ వెయ్యాలేమో కనుక్కో" అని వంటింటి కిటికీలోంచి వినిపించింది. ఆ కిటికీకి అన్న మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు.

"వెయ్యమని చెప్పమ్మా" అన్నాడు అన్న దిగులుగా.

భవిత వాళ్ళమ్మాయి. కాలేజీలో మ్యాథ్స్ చదువుతోంది. వీకెండ్‌కి ఇంటికొచ్చి ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తోంది. ఇక నాలుగో మనిషి కౌశిక్. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు, ఫ్రీమాంట్‌లో రూమ్. మూడు వారాల కింద నేనే మొదటిసారి ఇక్కడికి తీసుకొచ్చాను. నెమ్మదస్తుడు, అడిగితే తప్ప మాట్లాడడు.

అన్న టీ ఒక గుక్క తాగి, కుర్చీని కిటికీ వైపు కాస్త జరుపుకున్నాడు. ఇవాళ కథ మాకోసం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

"చూడు లోకేషూ," అన్నాడు నాతో, "నేనేదో ఘనకార్యం చేశానని చెప్పట్లేదు, ఒక జత షూస్ పోతే వెతుక్కోడానికి కాస్త దూరం వెళ్ళొచ్చాను, ఎవరైనా వెళ్తారు. గుడిలో నా షూస్ అంతకుముందే రెండుసార్లు మారిపోయాయి. పాపం ఎవరూ దొంగలు కాదు. మనవాళ్ళందరం ఆ ఒకే హోల్‌సేల్ స్టోర్‌కి పోయి ఆ ఒకే బూడిద రంగు షూస్ కొంటాం, సగం మందిది తొమ్మిదో నంబరే, దర్శనం చేసుకొచ్చిన పరవశంలో ఎవడి కాళ్ళు ఎవడి షూస్‌లో దూరతాయో ఆ దేవుడికే తెలియదు. రేణు అయితే మార్కర్‌తో ఏదో గీస్తానంది. ఈ రోజుల్లో మార్కరేంటి, నేను ఇంజినీర్ని అన్నాను. ఏం చేశానో తెలుసా? రూపాయి బిళ్ళంత ట్రాకర్ కొన్నాను. షూ లోపల ఇన్‌సోల్ ఎత్తి దాని కింద పెట్టేశాను. ఇక్కడే, ఆ మెట్టు దగ్గరే, మూడు వారాల కింద మీరంతా టీ తాగుతుంటే పెట్టాను. ఇక నా షూ భూమ్మీద ఎక్కడున్నా ఫోన్‌లో నీలం చుక్క కనిపించాల్సిందే."

"మంచిగనే చేసినవన్నా" అన్నాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? శనివారం. పట్టుపంచె కట్టాను, నామం పెట్టాను, ఒంటిమీద చొక్కా లేదు. రెండు నిమిషాల్లో వస్తాను రేణూ అని చెప్పి బయటికొచ్చాను, స్టాండ్‌లో షూస్ తీసి వేసుకున్నాను, పార్కింగ్ లాట్‌లో పది అడుగులు వేశానో లేదో ఫోన్ బుర్రుమంది. ఏమనో తెలుసా? మీ షూస్ మీ నుంచి దూరంగా వెళ్తున్నాయి అని."

"మరి నీ కాళ్ళకున్నవి ఎవరియన్నా?"

"అదీ అడుగు. నేనూ కిందికి చూశాను. బూడిద రంగే, తొమ్మిదో నంబరే. కానీ ఆ క్షణంలో తెలిసిపోయింది నావి కావని. బిగుతుగా ఉన్నాయి. అప్పటిదాకా తెలియలేదు గానీ, ఫోన్ చెప్పగానే నా బొటనవేలు కూడా ఒప్పుకుంది. ఎవడో నా షూస్ వేసుకుని కారెక్కి పోతున్నాడు. నేను వాడివి వేసుకుని నిలబడ్డాను. పరాయివాడి షూస్ వాకిట్లో పెట్టి లోపల కల్యాణంలో కూర్చోడానికి నాకు మనసొప్పుతుందా? ఐదు నిమిషాల పని అనుకున్నాను. వ్యాన్ ఎక్కాను."

కిటికీ అవతల బజ్జీలు వేగుతున్న చప్పుడు అలాగే ఉంది. అన్న గొంతు ఇంకొంచెం పెంచాడు.

"గుడి పక్కన ఎండిపోయిన గడ్డి మైదానం ఉంది చూడు, అరిసె అంత చదునుగా ఉంటుంది. చుక్క దాని అవతలి అంచున తిన్నగా పోతోంది. నేను రోడ్డు మీద పోలేదు. రోడ్డు మీద పోయేవాడు రోడ్డు చెప్పినట్టు వినాలి. నేను చుక్క చెప్పినట్టు విన్నాను. చుక్క ఎక్కడుంటే వ్యాన్ ముక్కు అటు. చుక్క జరిగింది, ముక్కు తిప్పాను. మళ్ళీ జరిగింది, మళ్ళీ తిప్పాను. వెనక్కి తిరిగి చూస్తే నా టైర్ల గీత గడ్డిలో ఎంత అందంగా వంగి ఉందంటే, కొడవలి కూడా అంత బాగా వంగదు. అలాంటి గీతని ప్రపంచంలో మొదట గీసింది నేనే."

"నాన్నా, దాన్ని పర్స్యూట్ కర్వ్ అంటారు" అంది భవిత. "అది చాలా ఓల్డ్. ఒకళ్ళు స్ట్రెయిట్‌గా వెళ్తుంటే, వెనకవాళ్ళు ఎప్పుడూ వాళ్ళ వైపే ఫేస్ పెట్టి వెళ్తే, వెనకవాళ్ళ దారి కర్వ్ అవుతుంది." పేపర్ ప్లేటు బోర్లించి దానిమీద పెన్నుతో గీసి చూపించింది. ఒక తిన్నని గీత, దాన్ని అందుకోవాలని వంగుతూ పోతున్న ఇంకో గీత.

"చూశారా, నా పేరు పెట్టలేదు. సరే పోనివ్వండి. చుక్క డబ్లిన్ వైపు తిరిగి మన ఇండియన్ గ్రోసరీ ప్లాజాలోకి దూరింది."

కౌశిక్ తల ఎత్తాడు. "దోసెల షాప్ పక్కన ఉండే ప్లాజానా అంకుల్?"

"అదే. శనివారం పదకొండింటికి అక్కడ ఎలా ఉంటుందో తెలుసుగా, పార్కింగ్ దొరకదు. నా షూస్ వేసుకున్నవాడు లాట్ చుట్టూ పెద్ద రౌండ్ కొడుతున్నాడు. నేను మధ్యలో దిగాను. వాడి వైపే ముక్కు పెట్టాను. కానీ నా ముందు తోపుడు బండ్లు, పిల్లలు, కరివేపాకు కట్టలతో ఆంటీలు, నేను స్పీడుగా పోలేను, వాడు పోయేదాంట్లో సగం పోతున్నాను. ఏమైందో తెలుసా? వాడు పెద్ద గుండ్రం, నేను లోపల చిన్న గుండ్రం. వాడు తిరుగుతున్నాడు, నేను తిరుగుతున్నాను. ముక్కు సూటిగా వాడి మీదే ఉంది, ఒక్క అడుగు కూడా దగ్గరవ్వట్లేదు. గంటసేపు తిరిగాను."

"ఏడు రౌండ్లే అంకుల్" అన్నాడు కౌశిక్ మెల్లగా.

అన్న పట్టించుకోలేదు. భవిత మాత్రం ప్లేటు మీద ఒక గుండ్రంలో ఇంకో గుండ్రం గీసింది. "నాన్న చెప్పేది కరెక్టే, నిజంగా. ఛేజర్ స్పీడ్ హాఫ్ అయితే, చివరికి హాఫ్ సైజ్ సర్కిల్‌లో సెటిల్ అవుతాడు. ఎప్పటికీ పట్టుకోలేడు."

"నా కూతురు" అన్నాడు అన్న నాతో. "ఇక అక్కడినుంచి విను. చొక్కా లేకుండా నామంతో ఒకడు వ్యాన్‌లో గుండ్రంగా తిరుగుతున్నాడని సెక్యూరిటీవాడు గోల్ఫ్ కార్ట్ వేసుకుని నా వెనక పడ్డాడు. వాడు తన కొత్తిమీర తొక్కేశాడని ఒక మామ్మగారు కార్ట్ తోసుకుంటూ వాడి వెనక పడింది. నా షూస్ దొంగ, సారీ, నా షూస్ వేసుకున్నాయన, మామ్మగారు ఖాళీ చేసే స్పాట్ కోసం ఆవిడ వెనక పడ్డాడు. నలుగురం లాట్ నాలుగు మూలల్లో ఉన్నాం. నేను వాడి వెనక, వాడు మామ్మ వెనక, మామ్మ సెక్యూరిటీ వెనక, సెక్యూరిటీ నా వెనక. ఎవరికి వాళ్ళు ముందున్నవాళ్ళ వైపే చూస్తూ పోతుంటే నలుగురం జంతిక చుట్టలా తిరుగుతూ తిరుగుతూ లోపలికి వచ్చేశాం. సరిగ్గా మధ్యలో ఏముందో తెలుసా? చెరకు రసం బండి. నలుగురం నాలుగు వైపుల నుంచి ఒకేసారి దాని ముందు ఆగాం. నలుగురికీ నాలుగు గ్లాసులు ఇచ్చాడు. మామ్మగారు అల్లం వద్దంది."

వంటింట్లో ఏదో గరిటె జారిపడిన చప్పుడు. అన్న మొహం వెలిగింది. ఇంకో మాట వినిపిస్తుందేమోనని చెవి అటు పెట్టాడు. రాలేదు.

"మరి అక్కడ్నే పట్టుకోవద్దా అన్నా? పక్కనే ఉన్నడు గద" అన్నాను.

"నేను గ్లాసు కింద పెట్టేలోపు జారుకున్నాడు. సిక్స్ ఎయిటీ ఫ్రీవే ఎక్కేశాడు, ఫ్రీమాంట్ వైపు. నేనూ ఎక్కాను. ఇక్కడ అసలు కష్టం మొదలైంది. సునోల్ దగ్గర కనుమ చూశావా? ఎడమా కుడీ కొండలు పైకి లేస్తాయి, ముందూ వెనకా రోడ్డు కిందికి జారుతుంది, గుర్రం జీను లాగా. మామూలు నేల మీద పక్కపక్కన ఇద్దరు తిన్నగా పోతే పక్కపక్కనే ఉంటారు. జీను మీద అలా కాదు. ఇద్దరూ స్టీరింగ్ తిప్పకుండా తిన్నగానే పోతున్నా మధ్యలో నేల విచ్చుకుంటూ ఉంటుంది. నేను అతనికి రెండు కార్ల దూరంలో ఉన్నాను. ఒక మైలు పోయేసరికి మా మధ్య తెనాలి పట్టింది. ఇంకో మైలు పోయేసరికి గుంటూరు జిల్లా పట్టింది. ట్రాఫిక్ లేదు లోకేషూ, చోటు పెరిగిపోయింది. రేడియోలో శాన్ హోసే స్టేషన్ కూడా సన్నబడిపోయింది."

"గుంటూరు జిల్లా వద్దు నాన్నా" అంది భవిత. "కానీ సాడిల్ మీద స్ట్రెయిట్ లైన్స్ స్ప్రెడ్ అవ్వడం నిజం. అక్కడ ఛేజ్ చెయ్యడం చాలా హార్డ్."

"విన్నారా, సైన్స్ ఒప్పుకుంది. ఎలాగో పళ్ళు బిగించి కనుమ దాటాను. ఫ్రీమాంట్‌లో చుక్క కాసేపు ఆగింది, నేను దాని చుట్టూ తిరిగాను, అది మళ్ళీ కదిలింది. బ్రిడ్జి ఎక్కింది. బే దాటింది. పసిఫిక్ సముద్రంలోకి దిగింది. షూస్ ఓడ ఎక్కాయో, విమానం ఎక్కాయో, ఏ చేప మింగిందో నాకు తెలియదు. ఒడ్డున నిలబడి ఫోన్‌లో బాణం చూస్తున్నాను. షూస్ పోతున్నాయి, పోతున్నాయి, ఆసియా దాటాయి, ఒకచోట బాణం గిర్రున తిరగడం మొదలెట్టింది. ఎందుకో తెలుసా?"

నేను తెలియదన్నాను. కౌశిక్ మెట్టు దగ్గరున్న షూస్ వైపు చూస్తున్నాడు. భవితే అందుకుంది.

"షూస్ ఎగ్జాక్ట్‌గా భూమికి ఆపోజిట్ సైడ్ వెళ్ళాయా? హిందూ మహాసముద్రంలోకి?"

"నా తల్లే. బంతికి సరిగ్గా అవతలి పక్కన ఉన్నదాని దగ్గరికి ఎటు పోయినా ఒకటే దూరం. ఉత్తరం పోయినా అంతే, దక్షిణం పోయినా అంతే. బాణం పాపం ఎటని చూపిస్తుంది? అప్పుడు నాకు జీవితంలో మొదటిసారి ఎటైనా పోగల స్వేచ్ఛ వచ్చింది. తూర్పు ఎంచుకున్నాను. ఎందుకంటే తూర్పున గుడి ఉంది. గుడిలో రేణు ఉంది." ఈ మాట కిటికీకి ఎదురుగా తిరిగి చెప్పాడు. బజ్జీల చప్పుడు ఆగింది, స్టవ్ ఆపేసినట్టుంది.

"వ్యాన్ తూర్పుకి తొక్కాను. నెవాడా పోయింది, యూటా పోయింది, అరోరా ఊళ్ళో మా తోడల్లుడు ఇంటి ముందు కారు కడుగుతూ కనిపించాడు, చెయ్యి ఊపాను, వాడు చెయ్యెత్తేలోపు న్యూయార్క్ దాటేశాను. సముద్రం మీద వ్యాన్ కాస్త తేలిగ్గా పోతుంది, స్టాప్ సైన్లుండవు. ఎంత స్పీడంటే, ఆఫ్రికాలో తెల్లవారింది, ఇండియాలో పొద్దుగూకింది, రెండూ నా విండ్‌షీల్డ్‌లోనే జరిగాయి. అలా బంతి చుట్టూ సూటిగా పోతుంటే ముందు ఎవడో కనిపించాడు. వీపు కనిపిస్తోంది. చొక్కా లేదు. పట్టుపంచె. కాళ్ళకి బూడిద రంగు షూస్. దొరికాడనుకున్నాను. వ్యాన్ వదిలేసి పరిగెత్తాను. ఒరేయ్ ఆగరా అన్నాను. వాడు ఆగలేదు, ముందున్న ఇంకెవడితోనో ఒరేయ్ ఆగరా అంటున్నాడు."

"ఎవడన్నా వాడు?"

"ఆగు. ఇంకా పరిగెత్తాను. నేను వేగం పెంచితే వాడూ పెంచుతాడు. నేను ఆయాసపడితే వాడూ ఆయాసపడతాడు. నడినెత్తి మీద జుట్టు కాస్త పలచగా ఉంది. చివరికి చెయ్యి చాచి వాడి భుజం పట్టుకున్నాను. ఏమైందో తెలుసా? సరిగ్గా అప్పుడే వెనక నుంచి నా భుజం మీద ఒక చెయ్యి పడింది."

నా ఒంట్లో నిజంగానే జల్లుమంది. కోత అని తెలిసినా మనిషన్నవాడికి జల్లుమంటుంది.

"బంతి మీద సూటిగా చూస్తే ఎవడి వీపు వాడికే కనిపిస్తుంది లోకేషూ. ఆ ముందున్నవాణ్ణి నేనే. మూడు గంటలు నన్ను నేనే తరుముకున్నాను."

భవిత పెన్ను ప్లేటు మీద ఆనించింది. "వెలుతురు కూడా గ్రౌండ్ పట్టుకుని వంగి వెళ్తే, ఓకే, కనిపిస్తుంది."

"ఇక టైమ్ సంగతి. తూర్పుకి పోతూ డేట్ లైన్ దాటాను కదా, ఒక రోజు వెనక్కి వచ్చేసింది. నా లెక్క ప్రకారం నేను గుడికి వచ్చింది శుక్రవారం. కల్యాణానికి ఒక రోజు ముందే వచ్చాను. ఇప్పుడు చెప్పండి, ఆలస్యం ఎవరు చేశారు?"

ఇది అన్న దాచుకున్న ముక్క. చెప్పేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

నేను ఊరుకుంటే బాగుండేది. కానీ ఒక విషయం అర్థం కాలేదు. "అన్నా, ఆ ముందున్నోడి కాళ్ళకి నీ షూసే ఉండెనన్నవు. వాడు నువ్వే అన్నవు. అంటే నీ షూస్ నీ కాళ్ళకే ఉండెనా?"

అన్న టీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. "అక్కడ... అక్కడ ఫోన్ ఛార్జ్ అయిపోయింది. మళ్ళీ ఆ చుక్క మొహం చూడనని ఒట్టేసుకున్నాను. వారం నుంచి ఆ యాప్ తెరవలేదు."

స్లైడింగ్ డోర్ తెరుచుకుంది. రేణు వదిన ఒక చేత్తో బజ్జీల పళ్ళెం, ఇంకో చేత్తో అన్న ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆ ఫోన్ పొద్దున్నుంచి వంటింట్లో ఛార్జర్‌కి ఉంది. పళ్ళెం భవిత చేతికిచ్చి, మెట్టు దగ్గరికి వెళ్ళి, ఫోన్ మీద వేలితో ఒకసారి నొక్కింది.

షూస్ గుట్టలోంచి కీచు కీచుమని చప్పుడు.

వదిన వంగి ఒక బూడిద రంగు షూ తీసింది. చప్పుడు దాన్లోంచే. కౌశిక్ లేచి నిలబడ్డాడు.

"అది నాది ఆంటీ" అన్నాడు. "మూడు వారాల నుంచి కాలికి ఏదో గట్టిగా తగులుతోంది. ఇన్‌సోల్ సరిగా లేదేమో అనుకున్నాను." తర్వాత అన్న వైపు తిరిగి, తప్పంతా తనదే అన్నట్టు తలొంచుకున్నాడు. "ఆ రోజు నేనూ గుడికి వచ్చాను అంకుల్. తర్వాత ప్లాజాలో పార్కింగ్ కోసం తిరుగుతుంటే, చొక్కా లేకుండా ఎవరో వ్యాన్‌లో నన్నే చూస్తూ తిరుగుతున్నారు. మొహం సరిగా కనబడలేదు, నామం ఒక్కటే కనబడింది. భయమేసి ఫ్రీవే ఎక్కేశాను. వ్యాన్ కూడా వచ్చింది. ఫ్రీమాంట్‌లో పోలీస్ స్టేషన్ ముందు కారు ఆపుకుని కూర్చున్నాను. ఆ వ్యాన్ రెండు రౌండ్లు వేసి వెళ్ళిపోయింది. ఇంటికి ఫోన్ చేసి అమ్మతో కూడా చెప్పాను."

"అంటే హిందూ మహాసముద్రం పోలీస్ స్టేషన్ ముందలే ఉన్నదా అన్నా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే వదిన ఇంకో షూ చేతిలోకి తీసుకుంది. అది ఆ రోజు గుడి నుంచి అన్న వేసుకొచ్చింది. నాలిక లాగా ఉండే ముందు భాగం ఎత్తి మా వైపు తిప్పింది. లోపల నల్ల మార్కర్‌తో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, రాధాకృష్ణ అని రాసి ఉంది.

అన్న దాన్ని చాలాసేపు చూశాడు. ఆయన ఆ రోజు తన షూసే వేసుకున్నాడు. మూడు వారాల కింద ట్రాకర్ పెట్టింది కౌశిక్ షూలో. ఫోన్ చూశాడు గానీ కాళ్ళకున్నది విప్పి చూసుకోలేదు.

వదిన ఇంకా అన్నతో మాట్లాడలేదు. భవిత చేతిలోని పేపర్ ప్లేటు అందుకుంది. "ఈ గీతలన్నీ ఎదుటిమనిషి కదులుతుంటే కదా? ఎదుటిమనిషి కదలకుండా ఒకచోట కూర్చుంటే, వాళ్ళ దగ్గరికి వచ్చే గీత ఎలా ఉంటుంది?"

"స్ట్రెయిట్ లైన్ అమ్మా" అంది భవిత. "ఫ్లాట్ అయినా, సాడిల్ అయినా, బాల్ అయినా అంతే. కదలకపోతే కర్వ్ ఉండదు."

వదిన ప్లేటు టేబుల్ మీద పెట్టింది. అప్పుడు అన్న మొహంలోకి చూసింది.

"నేను మూడు గంటలు కదలకుండా కూర్చున్నానండీ" అంది.

వారం తర్వాత వదిన ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. గొంతులో కోపం కూడా లేదు.

ఈసారి అన్న 'ఏమైందో తెలుసా' అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తివాచీ వైపు చూస్తూ చెప్పాడు.

"పన్నెండుంబావుకే తిరిగొచ్చాను రేణూ. గాజు తలుపు దగ్గరికి వచ్చాను. లోపల తలంబ్రాలు అవుతున్నాయి. నువ్వు నా కండువా కొంగు నీ వేలికి చుట్టుకుని కూర్చున్నావు. అందరూ నీ వైపు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. అక్కడినుంచి నీ పీట దాకా సూటిగా నలభై అడుగులు. అవి నడవలేకపోయాను. గంటకి పైగా షూస్ స్టాండ్ పక్కన నిలబడ్డాను."

"తెలుసు" అంది వదిన. "గాజు తలుపులోంచి కనబడ్డారు. ఇప్పుడొస్తారు, ఇప్పుడొస్తారు అని చూశాను. మీరు షూస్ కోసం ఎక్కడికి పోయారో నాకు అక్కర్లేదు. తలుపు దాకా వచ్చి ఆగిపోయారు చూడండి, అందుకు వచ్చింది నాకు కోపం."

నాకు అక్కడినుంచి లేచిపోవాలనిపించింది, కానీ నా షూస్ కూడా ఆ గుట్టలోనే ఉన్నాయి. కౌశిక్ బజ్జీ ఒకటి చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయాడు.

"వచ్చే శనివారం మళ్ళీ బుక్ చేశాను, పదిన్నరకే" అంది వదిన. "కొబ్బరికాయలు నేనే తెస్తాను. మీరు కారు దిగి వట్టి కాళ్ళతో రండి. కౌశిక్, నువ్వు కూడా రా నాన్నా. మీ అమ్మకి ఫోన్ చేసి ఆయన మా ఆయనేనని చెప్పు, ఆవిడ కంగారు పడుతుంటుంది."

అన్న టీ చల్లారిపోయింది. వదిన ఆ కప్పు తీసుకుని, "షుగర్ సరిపోయిందా?" అని అడిగింది. భవితని కాదు, ఆయన్నే. అన్న తల ఊపాడు. కప్పు వేడి చెయ్యడానికి ఆమె లోపలికి వెళ్ళింది, తలుపు తెరిచే వదిలేసింది.

అన్న కళ్ళు తుడుచుకుని, కౌశిక్ వైపు వంగాడు. గొంతులోకి మెల్లగా పాత ఊపు వస్తోంది.

"నువ్వు కుర్రాడివి, నీకు తెలియదు. గుడి తలుపు దగ్గరినుంచి పీట దాకా మామూలుగా చూస్తే దగ్గరే అనిపిస్తుంది. కానీ ఆ రోజు ఆ నేల సునోల్ కనుమ లాగా విచ్చుకుంది. నేను కన్నార్పకుండా కొలిచాను. నాలుగువేల అడుగులు..."

"నలభై" అంది వదిన లోపలి నుంచి.